పాడేవాళ్లకు ముందు వాళ్ల గొంతు వినిపించాలి

ఎనిమిదేళ్ల కిందటి మాట. కావలి దగ్గర ఒక ఊళ్లో తిరునాళ్ల. ఏడుగురి ఆర్కెస్ట్రా. పాడే అమ్మాయి నెల్లూరు నుంచి వచ్చింది, మంచి గొంతు. పల్లవి నిలకడగా ఎత్తుకుంది. చరణంలోకి వెళ్లేసరికి శ్రుతి జారింది. రెండో పాటలో ఇంకా జారింది. ముందు వరుసలో ఒక పెద్దాయన "ఈ పిల్లకి శ్రుతి నిలవదబ్బా" అని పక్కాయనతో అన్నారు. మూడో పాటకు ఆ అమ్మాయి ఒక చెవి వేలితో మూసుకుని పాడటం చూశాక గాని నాకు విషయం అర్థం కాలేదు. జనం వైపు బాక్సుల్లో ఆమె గొంతు కాస్త కీచుగా ఉందని మిక్సర్ దగ్గరున్న నేను ఫేడర్ (ఆ గొంతును పెంచే, దించే మీట) దించాను. దాంతోపాటే ఆమె కాళ్ల ముందున్న మానిటర్‌లో, అంటే పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే బాక్సులో కూడా, గొంతు దిగిపోయింది. మానిటర్‌కు గొంతు పంపే దారిని ఆక్స్ అంటాం. దాన్ని పోస్ట్ ఫేడర్‌లో, అంటే ఫేడర్‌తో పాటే దిగేట్టు, వదిలేశాను కాబట్టి అట్లా జరిగింది. తప్పు నాది, మాట పడింది ఆమె.

కార్యక్రమం అయ్యాక వెళ్లి ఆమెకు జరిగింది చెప్పాను. "నాకు నా గొంతే వినపళ్ళేదునా, ఎట్టా పాడేది?" అంది. ఆ మాట మీదే అప్పటి నుంచి నా పని నడుస్తోంది. నెల్లూరు, ఒంగోలు రెండు వైపులా పెళ్లి రిసెప్షన్లు, తిరునాళ్లు, వినాయక చవితి కార్యక్రమాలు చేస్తుంటాను. మైక్ సెట్ షాపుల్లో పని నేర్చుకుంటున్న పిల్లలు మెయిన్ బాక్సుల గురించి బోలెడు అడుగుతారు గాని మానిటర్ గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే నేను చేసే పద్ధతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. స్టేజీ మీద నిలబడి ఒక పాట మొత్తం వినండి, మానిటర్లన్నీ ఆపేసి. మెయిన్ బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి. పదును, మాట, శ్రుతి తెలిపే పై స్థాయి శబ్దం ముందుకే పోతుంది. వెనక్కి వచ్చేది బేస్ మోత మాత్రమే. ఎదురుగా 17 మీటర్ల దూరంలో మేడ గోడ ఉందనుకోండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, పోయి తిరిగొచ్చే 34 మీటర్లకు సెకనులో పదో వంతు పడుతుంది. పాడేవాళ్లకు తమ గొంతు అంత ఆలస్యంగా, మూగగా వినిపిస్తుంది. అది నమ్ముకుని పాడితే తాళం తప్పుతుంది, శ్రుతి కూడా తప్పుతుంది. కాబట్టి మానిటర్ అనేది సౌకర్యం కోసం ఇచ్చే అదనపు బాక్సు కాదు. అది లేకపోతే వాళ్లు గుడ్డిగా పాడుతున్నట్టే.

ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

కేబుళ్లు లాగకముందే ఆర్కెస్ట్రా మేనేజర్‌కు ఫోన్ చేసి అడుగుతాను: ఎంతమంది, ఎవరెవరు ఏం వాయిస్తారు, కూర్చుని వాయించేవాళ్లు ఎవరు, ఇద్దరు గాయకులు పక్కపక్కన నిలబడతారా దూరంగానా. మా వైపు ఆర్కెస్ట్రాలో మామూలుగా ఉండేది మగ గొంతు, ఆడ గొంతు, కీబోర్డ్, రిథమ్ ప్యాడ్, తబలా లేదా డోలక్, బేస్ గిటార్, డ్రమ్స్. ఏడుగురికి ఏడు రకాల మానిటర్ మిక్స్‌లు ఇవ్వగలిగితే మంచిదే. బెరింజర్ ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్‌లో 16 బస్సులు, అంటే విడివిడి మిక్స్‌లు పంపే దారులు, ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. అదే కంపెనీ ఎక్స్ఆర్18లో మానిటర్లకు ఆరు ఆక్స్ అవుట్‌లు. పాత అనలాగ్ మిక్సర్‌లో అయితే ఎఫెక్ట్‌కు పోను ప్రీ ఫేడర్ (ఫేడర్‌తో సంబంధం లేని) ఆక్స్‌లు రెండో మూడో మిగులుతాయి.

రెండే ఉంటే ఎట్లా? మొదటిది పూర్తిగా పాడేవాళ్లకు ఇచ్చేయండి. రెండోది వాద్యగాళ్లందరికీ. మూడోది ఉంటే తబలా, డోలక్ వాళ్లకు విడిగా ఇవ్వండి. వాళ్ల మైకులు సున్నితం, వాళ్లకు కావలసిన మిక్స్ కూడా మిగతావాళ్లకు పనికిరాదు. డ్రమ్స్, బేస్ ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే ఒకే మానిటర్ సరిపోతుంది, ఇద్దరికీ కావలసింది దాదాపు ఒకటే. మగ గొంతు, ఆడ గొంతు మాత్రం వీలైనంతవరకు కలపను. మగ గొంతు బలంగా ఉండి రెండూ ఒకే మానిటర్‌లో వస్తుంటే, ఆడ గాయని అతని శ్రుతిలోకి లాగబడుతుంది, లేదా గొంతు చించుకుంటుంది. పదో పాటకు గొంతు బొంగురుపోతుంది.

ఇక్కడే ఆక్స్ సంగతి చూసుకోండి. మానిటర్‌కు వెళ్లే ప్రతి ఆక్స్ ప్రీ ఫేడర్‌లో ఉండాలి. అప్పుడు జనం కోసం మీరు ఫేడర్ ఎంత ఆడించినా స్టేజీ మీద ఏమీ మారదు. రివర్బ్, ఎకోలకు వెళ్లేది మాత్రం పోస్ట్‌లో ఉండాలి. కొన్ని అనలాగ్ మిక్సర్లలో ఆక్స్ పక్కన చిన్న బటన్ ఉంటుంది, చీకట్లో కనపడదు. సాయంత్రం వెలుతురుండగానే టార్చ్ వేసి మరీ చూడండి.

మానిటర్ ఎక్కడ పెట్టాలి

ఇది వైర్లు కలపడం కన్నా ముఖ్యం. మామూలు షూర్ ఎస్ఎమ్58 లాంటి కార్డియాయిడ్ మైకు తన వెనక వైపు శబ్దాన్ని దాదాపు తీసుకోదు. అంటే మానిటర్ మైకు తోకకు సూటిగా, గాయకుడి ఎదురుగా ఉండాలి. బీటా 58 లాంటి సూపర్ కార్డియాయిడ్ మైకు అట్లా కాదు. దానికి సూటిగా వెనక కాస్త వినబడుతుంది, చెవుడు ఉండేది ముందు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర, వెనక రెండు పక్కలా. ఈ మైకుకు మానిటర్‌ను ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరపాలి, ఇంకా మంచిది రెండు పక్కలా రెండు పెట్టడం. మైకు మార్చి మానిటర్ జరపకపోతే నిన్నటిదాకా అరవని సిస్టమ్ ఇవాళ అరుస్తుంది. కారణం తెలియక మిక్సర్‌ను తిట్టుకుంటాం.

మానిటర్ మొహం గాయకుడి చెవుల వైపు చూడాలి, మోకాళ్ల వైపు కాదు. చాలా చోట్ల మానిటర్ పాదాలకు ఆనించి పెడతారు. శబ్దం తొడలకు కొట్టి పోతుంది, గాయకుడు పెంచమంటాడు, మనం పెంచుతాం, అరుస్తుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిపి, గాయకుడు నిలబడే చోట వంగి, మీ కన్ను అతని చెవి ఎత్తులో పెట్టి చూడండి. అక్కడి నుంచి బాక్సులోని హార్న్ (పై స్థాయి శబ్దం వచ్చే నోరు) సూటిగా కనపడాలి. కనపడకపోతే ముందు అంచు కింద ఒక ఇటుక పెట్టండి. మూడు డెసిబెళ్లు ఉత్తపుణ్యానికి వస్తాయి.

తబలా వాయించే మాస్టారు నేల మీద కూర్చుంటారు. నిలబడేవాళ్ల కోసం తయారైన ఏటవాలు బాక్సును ఆయన ముందు దగ్గరగా పెడితే శబ్దం తల మీదుగా పోతుంది. దాన్ని వెనక్కి జరపాలి, లేదా వెనక చెక్క ముక్క పెట్టి వాలు తగ్గించాలి. తబలా మైకుల మొహం మానిటర్ వైపు ఉండకూడదు. నేను మానిటర్‌ను మాస్టారి ఎడమ ముందుకు జరిపి, మైకుల వీపు దాని వైపు ఉండేట్టు పెడతాను.

డ్రమ్స్ వెనక, గాయకులు ముందు. మధ్య పన్నెండు అడుగులు. అడుగుకు ఇంచుమించు ఒక మిల్లీసెకను లెక్కేసుకుంటే డ్రమ్స్ నుంచి గాయకుడికి పన్నెండు మిల్లీసెకన్లు. అది పెద్ద నష్టం కాదు. ముప్పై అడుగుల స్టేజీకి అటూ ఇటూ పెట్టిన సైడ్ ఫిల్స్ అనే మానిటర్ల మీదే అందరూ ఆధారపడితే మాత్రం తాళం చెదరడం మొదలవుతుంది. అందుకే ఎవరి మానిటర్ వాళ్ల దగ్గర.

కరెంటు, హమ్

దీని మీద ఎక్కువ రాయను, కానీ వదిలేస్తే ప్రమాదం. కీబోర్డ్, ప్యాడ్ డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) ద్వారానే మిక్సర్‌కు రావాలి. హమ్, అంటే కరెంటు గుంయ్‌మనే మోత, వస్తే డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. హమ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు మా వైపు ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు. జనరేటర్ మీద నడిచే తిరునాళ్లలో, తడి నేల మీద, చేతిలో మైకు పట్టుకుని గిటార్ తీగ ముట్టుకున్న మనిషికి ఆ పిన్నే ప్రాణం. జనరేటర్‌కు ఎర్త్ రాడ్ దిగేశారా లేదా చూశాకే స్టేజీ మీదికి వైర్ ఎక్కిస్తాను. లైటింగ్‌కు, సౌండ్‌కు వేర్వేరు ఫేజుల నుంచి లైను అడగండి. లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్ల గరగర సగం అక్కడే పోతుంది.

ప్రతి మానిటర్‌కు తెలిసిన పాట ఒకటి వినిపించి, ఏ ఆక్స్ ఏ బాక్సుకు పోతోందో టేపు మీద రాసి అతికించండి. ఒకటి, రెండు అని కాదు, "పాట మగ", "పాట ఆడ", "తబలా" అని రాయండి. హడావిడిలో అంకెలు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు.

గెయిన్ ముందు, తర్వాత ముట్టుకోవద్దు

ఒక్కొక్కరిని వాయించమని, పాడమని చెప్పి ఛానల్ గెయిన్ (సిగ్నల్ మిక్సర్‌లోకి రాగానే దాన్ని పెంచే నాబ్) పెట్టండి. డిజిటల్ మిక్సర్‌లో సగటున మైనస్ 18 డెసిబెళ్ల దగ్గర, గట్టిగా ఎత్తుకున్నప్పుడు మైనస్ 10 దాటకుండా ఉంటే హాయి. అందరూ సౌండ్ చెక్‌లో మెల్లగా పాడతారు, కార్యక్రమంలో ఉత్సాహం వచ్చాక పెంచేస్తారు. అందుకే ఆ ఖాళీ వదలాలి. నెల్లూరు తిప్పరాజువారి వీధి పేరు చెబితే మాకు బాలు గారి ఇల్లే గుర్తొస్తుంది. ఆయన పాటలు లేకుండా మా దగ్గర ఏ ఆర్కెస్ట్రా ముగియదు. ఆ పాటల్లో పల్లవి గుసగుసలాగా మొదలై, చరణం చివర గొంతు పైకి లేచిపోయేవి ఎన్నో. కాబట్టి గాయకుణ్ణి మెత్తటి చోటు ఒకసారి, ఎత్తైన చోటు ఒకసారి రెండూ పాడించి గెయిన్ పెట్టండి.

ఒకసారి పెట్టాక గెయిన్ ముట్టుకోవద్దు. ఒకే మిక్సర్ మీద మెయిన్, మానిటర్ రెండూ నడుస్తుంటే గెయిన్ పెంచిన ప్రతిసారీ ఆ గొంతు ఉన్న అన్ని మానిటర్లలో ఒకేసారి పెరుగుతుంది. జనానికి తక్కువైతే ఫేడర్ పెంచండి, గెయిన్ కాదు.

గాత్రం ఛానళ్లన్నిటికీ 100 నుంచి 120 హెర్ట్జ్ కింద కోసేసే హై పాస్ ఫిల్టర్ వేయండి. మానిటర్ అవుట్‌కు కూడా వేయండి. స్టేజీ మీద మెయిన్ బాక్సుల బేస్ ఎట్లాగూ నిండా ఉంటుంది, మానిటర్ నుంచి ఇంకా పంపడం అనవసరం. గాత్రానికి కంప్రెసర్ వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కంప్రెసర్ గట్టి చోటు నొక్కి, మొత్తాన్ని పైకి లేపుతుంది. గాయకుడు ఆగిన క్షణంలో మైకు ఇంకా గట్టిగా వింటుంది, మానిటర్ అరుస్తుంది. కుదిరితే మానిటర్‌కు వెళ్లే సిగ్నల్ కంప్రెసర్ ముందు నుంచి తీసుకోండి.

మైకు అరిచే చోటు వెతకడం

ఇదే నాకు బాగా ఇష్టమైన పని. ఫీడ్‌బ్యాక్ ఎందుకొస్తుందో తెలిసిందే. మైకు విన్నది మానిటర్‌లో వస్తుంది, మానిటర్‌లో వచ్చింది మైకు మళ్లీ వింటుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి తగ్గకుండా అంతే బలంగా ఉంటే ఇక ఆగదు. అన్ని స్వరాలూ ఒకేసారి అరవవు. ఆ మైకు, ఆ బాక్సు, ఆ స్టేజీ కలిసి ఏ స్వరాన్ని ఎక్కువ మోస్తాయో అదే ముందు అరుస్తుంది. ఆ స్వరాన్ని మాత్రం కాస్త కోస్తే మిగతాదంతా ఇంకొంచెం పైకి లేపుకోవచ్చు.

మెయిన్ బాక్సులు ఆపేయండి. గాయకుడి మైకు స్టాండ్ మీద, మానిటర్ దాని చోట, 31 బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ (ఒక్కో బ్యాండ్ స్వరాలను విడిగా పెంచి దించేది) మానిటర్ లైనులో సమంగా. ఆక్స్‌ను మెల్లగా పెంచుతూ పోండి. ఒక చోట సన్నగా మోగడం మొదలవుతుంది. అక్కడ ఆగండి, దాన్ని పెద్ద అరుపు కానివ్వొద్దు. ఏ స్వరమో గుర్తుపట్టి ఆ బ్యాండ్ మూడు డెసిబెళ్లు దించండి. మళ్లీ పెంచండి. ఇంకోటి మోగుతుంది. నాలుగైదు చోట్లతో ఆపేయండి. పది, పదిహేను చోట్ల కోస్తూ పోతే చివరికి గొంతే మిగలదు. అట్లా కోయాల్సి వస్తోందంటే మానిటర్ చోటు తప్పో, మైకు తప్పో.

ఏ స్వరమో ఎట్లా తెలుస్తుంది? చాలామందికి ఇక్కడే టెన్షన్. నాకు మొదట దారి చూపింది హార్మోనియం. ఒకటో శ్రుతి మధ్య స్థాయి షడ్జమం సుమారు 261 హెర్ట్జ్, అంటే ఈక్వలైజర్‌లో 250 బ్యాండ్. దాని పై షడ్జమం 523, అది 500 బ్యాండ్. ఆ పైది 1,046, అంటే ఒక కిలోహెర్ట్జ్ బ్యాండ్. ఇంకా పైది రెండు కిలోహెర్ట్జ్. మోగుతున్న స్వరాన్ని మీరు నోటితో పట్టి, దాన్ని షడ్జమం నుంచి కొలుచుకుంటే బ్యాండ్ దొరికిపోతుంది. పంచమంలా వినబడితే షడ్జమానికి ఒకటిన్నర రెట్లు: 261కి 392, అంటే 400 బ్యాండ్. సంగీతం రాకపోతే అచ్చులు గుర్తుపెట్టుకోండి. "ఊ" అని మోగితే 250 చుట్టుపక్కల, "ఓ" అంటే 500, "ఆ" అంటే ఒక కిలోహెర్ట్జ్, "ఏ" అంటే రెండు, "ఈ" అని చెవి కోస్తే మూడు, నాలుగు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లు ఉన్నాయి, వాడుకోండి. కానీ చెవికి నేర్పించండి. కార్యక్రమం మధ్యలో మైకు మోగితే ఫోన్ తీసేంత సమయం ఉండదు.

ఒక్క మైకుతో పని అయిపోలేదు. మిగతా మైకులన్నీ తెరిచి మళ్లీ చూడండి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే, అరవకుండా పెంచగలిగే స్థాయి మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. రెండు మైకులతో బాగున్నది ఎనిమిదింటితో ఆరు డెసిబెళ్లు ముందే మోగుతుంది. వాడని మైకు మ్యూట్‌లో ఉండాలి అనేది అందుకే.

ఆఖరున మైకును చేత్తో పట్టుకుని, జాలీని గుప్పిట్లో మూసి ఒకసారి చూడండి. గాయకులు, ముఖ్యంగా కుర్రాళ్లు, ఇట్లా పట్టుకుంటారు. జాలీ మూస్తే మైకు వెనక వైపు చెవుడు పోతుంది, అన్ని వైపుల నుంచీ వింటుంది. అరుపు ఎక్కడ పుడుతుందో తెలిసి ఉంటే అప్పటికి సిద్ధంగా ఉంటారు. పాడేవాళ్లకు మర్యాదగా చెప్పండి కూడా: "జాలీ వదిలి కింద పట్టుకోండి, పెదవులకు రెండు వేళ్ల దూరం చాలు." మైకు దూరం సగానికి తగ్గితే ఆరు డెసిబెళ్లు ఎక్కువ వస్తుంది. ఏ నాబ్ తిప్పినా అంత శుభ్రంగా రాదు.

మిక్స్ కట్టడం

అన్ని ఆక్స్‌లూ సున్నాకు దించి మొదలుపెట్టండి. మొదట గాయకుడి మానిటర్‌లో అతని గొంతు ఒక్కటే. హాయిగా వినిపించేదాకా పెంచండి. తర్వాత శ్రుతి ఇచ్చే వాద్యం, అంటే కీబోర్డ్, గొంతు కన్నా ఒక మెట్టు కింద. ఆ తర్వాత తాళానికి కావలసినంత ప్యాడో తబలానో కొద్దిగా. అంతే. డ్రమ్స్, బేస్ గిటార్ గాయకుడి మానిటర్‌లో పెట్టను, అవి స్టేజీ మీద ఎట్లాగూ వినిపిస్తాయి. అడిగితే ఇస్తాను, అడగకముందు ఇవ్వను.

కీబోర్డ్ వాయించేవాళ్లకు తమ వాద్యం, గాయకుడి గొంతు, ప్యాడ్. ప్యాడ్ వాయించేవాళ్లకు తమదీ, కీబోర్డ్, గొంతు. బేస్ గిటార్‌కు కిక్ డ్రమ్, కీబోర్డ్. డ్రమ్మర్‌కు బేస్, కీబోర్డ్, కొద్దిగా గొంతు. తబలాకు తమ వాద్యం కన్నా గొంతే ముఖ్యం, గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో వినాలి వాళ్లు. గుళ్లో అన్నమయ్య కీర్తనల కచేరీ అయితే లెక్క వేరు. అక్కడ తంబురా శ్రుతి ప్రతి మానిటర్‌లో, పాడేవాళ్లకు, వయొలిన్‌కు, మృదంగానికి, తప్పకుండా ఉండాలి. అది లేకుండా నేను కచేరీ మొదలుపెట్టనివ్వను.

రివర్బ్ మానిటర్‌లో పెట్టాలా? నా మటుకు నేను వద్దంటాను. రివర్బ్‌తో గొంతు అందంగా వినిపిస్తుంది గాని, శ్రుతి ఎక్కడ నిలబడిందో తెలియదు. అయితే కొందరు సీనియర్ గాయకులకు అది లేకపోతే గొంతు ఎండిపోయినట్టు ఉంటుంది, భయపడి గట్టిగా అరుస్తారు. అటువంటివాళ్లకు చాలా కొద్దిగా ఇస్తాను.

ఇప్పుడు అసలు మాట. ఎవరైనా "పెంచు" అన్నప్పుడు వెంటనే పెంచొద్దు. మొన్నొక రిసెప్షన్‌లో తబలా మాస్టారు సౌండ్ చెక్‌లో రెండుసార్లు చెయ్యి పైకి ఊపారు. పెంచాను. మూడోసారీ ఊపారు. అప్పుడు వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుని విన్నాను. ఆయన మానిటర్‌లో ప్యాడ్ డోలక్ శబ్దం వాయిస్తోంది, తబలా దాని కిందికి పోయింది. తిరిగొచ్చి తబలాను మొదటి చోటికి దించి, ప్యాడ్‌ను ఆరు డెసిబెళ్లు దించాను. ఆయన తల ఊపి, "ఇప్పుడు బాగా పెంచావు అబ్బయ్యా" అన్నారు. నేను పెంచలేదు. ఆయనకు అడ్డొస్తున్నది తీసేశాను.

ఒకరికి పెంచితే పక్కవాడి మైకులోకి అది పోతుంది, వాడు తనది పెంచమంటాడు, గిటార్ యాంప్ పెరుగుతుంది, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు. గంటలో స్టేజీ మీది మోత జనం వైపు మోత కన్నా పెద్దదవుతుంది, ఇక మీ మెయిన్ మిక్స్‌తో చేయడానికి ఏమీ ఉండదు. అందుకే ప్రతి "పెంచు"కీ నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇతనికి ఏది అడ్డొస్తోంది? దాన్ని మూడు డెసిబెళ్లు దించి చూడండి. పదిసార్లలో ఏడుసార్లు చేతులు దిగిపోతాయని నా అనుభవం.

మిక్సర్ దగ్గర కూర్చుని మానిటర్ కలపలేం. లేచి వెళ్లి వాళ్ల చోట నిలబడి వినాలి. డిజిటల్ మిక్సర్‌కు వైఫై ఉంటే ట్యాబ్ పట్టుకుని గాయకుడి పక్కనే నిలబడి కలపండి. సగం మాటలు తగ్గుతాయి.

సైగలు ముందే ఒప్పుకోండి. నేను చెప్పేది ఇది: ముందు ఏ వాద్యమో వేలితో చూపించండి, తర్వాత పైకా కిందికా చూపించండి, సరిపోయాక బొటనవేలు. ఉట్టిగా చెయ్యి పైకి ఊపితే నాకు అర్థం కాదని మొహమాటం లేకుండా చెబుతాను. సౌండ్ చెక్‌కు నెమ్మది పాట వద్దు. ఆ రాత్రి కార్యక్రమంలో అన్నిటికన్నా హుషారైన పాట, అందులోనూ అందరూ ఒకేసారి వాయించే చోటు అడగండి. అది కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి. ఆ తర్వాత మెయిన్ బాక్సులు కార్యక్రమం స్థాయికి తెచ్చి, స్టేజీ ఎక్కి మళ్లీ వినండి. మెయిన్ బేస్ వెనక్కి వచ్చాక మానిటర్‌లో గొంతు పల్చబడినట్టు అనిపిస్తే గొంతు పెంచకండి, మానిటర్‌లో 200, 250 దగ్గర ఇంకాస్త కోయండి.

రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లకు అనుమతి ఉండదు, పండగ రోజుల్లో ప్రభుత్వం సడలింపు ఇస్తే తప్ప. అందుకని కార్యక్రమం ఏడింటికే మొదలుపెట్టమని ఒత్తిడి ఉంటుంది, సౌండ్ చెక్ సమయాన్ని కమిటీవాళ్లు మింగేస్తారు. నేను ఒప్పుకునేటప్పుడే చెబుతాను, నాలుగింటికి స్టేజీ నాకు ఖాళీగా కావాలి అని. అయినా ఒక్కోసారి ఇరవై నిమిషాలే దొరుకుతుంది. అప్పుడు అన్నీ వదిలేసి గాయకుల మానిటర్లు రెండే చూస్తాను. వాద్యగాళ్లు సర్దుకోగలరు, గొంతు సర్దుకోలేదు.

కార్యక్రమం నడుస్తుండగా

మా దగ్గర మైకు ఎక్కువసార్లు అరిచేది పాటల్లో కాదు, మాటల్లో. పాట మధ్యలో ఆపి పెద్దలకు సన్మానం చేస్తారు, ఎవరో ఒకరు గాయకుడి మైకు అందుకుని పొట్ట దగ్గర పట్టుకుని మాట్లాడతారు. వినపడట్లేదని మనం పెంచుతాం, అది కుయ్యిమంటుంది. దీనికి నేను చేసే ఏర్పాటు ఒకటి: మాటల కోసం కార్డ్‌లెస్ మైకు ఒకటి విడిగా, దానికి ఏ మానిటర్‌కూ ఆక్స్ ఇవ్వకుండా. మాట్లాడేవాళ్లకు మానిటర్ అవసరం లేదు. యాంకర్‌కు ముందే చెబుతాను: "ఎవరికైనా మైకు ఇవ్వాలంటే ఇది ఇవ్వమ్మా, పాటగాళ్లది ఇవ్వద్దు." ఇంకా, పాట అయ్యాక మైకును మానిటర్ మీద పెట్టేసి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండండి, వేలు మ్యూట్ మీదే ఉండాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డున చేసేటప్పుడు గాలికి మైకులన్నిటికీ ఫోమ్ తొడగండి. గాలి హోరు మానిటర్‌లోకి వచ్చి గాయకుడికి చికాకు తెస్తుంది. రాత్రి తేమకు కనెక్టర్లు తడవకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టండి. రోహిణి కార్తె ఎండల్లో మిక్సర్ మీద ఎండ పడనివ్వకండి, సాయంత్రం దాకా తడి గుడ్డ కాదు, నీడ కావాలి దానికి.

చెవిలో పెట్టుకునే ఇన్ ఇయర్‌లు ఇప్పుడు మా వైపు ఆర్కెస్ట్రాలకూ వస్తున్నాయి. మంచివే. ఫీడ్‌బ్యాక్ బాధ ఉండదు, స్టేజీ నిశ్శబ్దంగా ఉంటుంది. వైర్‌లెస్ కొనలేనివాళ్లు కూర్చుని వాయించే కీబోర్డ్, ప్యాడ్, డ్రమ్స్ వాళ్లకు హెడ్‌ఫోన్ యాంప్‌తో వైరుదే పెట్టొచ్చు. ఖర్చు తక్కువ, మూడు మానిటర్లు స్టేజీ మీద నుంచి తగ్గుతాయి. కానీ రెండు జాగ్రత్తలు. శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ లేకుండా ఎవరి చెవిలోనూ ఇన్ ఇయర్ పెట్టొద్దు. ఒక కేబుల్ ఊడిన టక్ శబ్దం నేరుగా కర్ణభేరికి తగులుతుంది. రెండోది, జనం సందడి వినపడక ఒక చెవిది తీసేసి పాడతారు, మిగిలిన చెవిలో పెంచమంటారు. దాని బదులు జనం వైపు తిప్పిన మైకు ఒకటి పెట్టి, వాళ్ల చెవిలోకి కొద్దిగా కలపండి.

చెవుల గురించి ఎవరూ పట్టించుకోరు కాబట్టి చెబుతున్నాను. 85 డెసిబెళ్ల మోతలో రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చని లెక్క. ప్రతి మూడు డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్లకు పదిహేను నిమిషాలు. మన స్టేజీల మీద 100 దాటడం చాలా మామూలు. మూడు గంటల కార్యక్రమం నెలకు పది చేసే డ్రమ్మర్ సంగతి ఆలోచించండి. మానిటర్ దించగలిగిన ప్రతిసారీ దించండి.

కార్యక్రమం అయ్యాక కేబుళ్లు చుట్టేలోపు ఒక్కొక్కరినీ అడుగుతాను, ఏది తక్కువైంది, ఏది ఎక్కువైందని. డిజిటల్ మిక్సర్‌లో ఆ ఆర్కెస్ట్రా పేరుతో సీన్, అంటే ఆ రోజు సెట్టింగులన్నీ, సేవ్ చేస్తాను. మళ్లీ వాళ్లతో పని పడితే గెయిన్లు, మిక్స్‌లు దాంట్లో నుంచే మొదలవుతాయి. ఈక్వలైజర్ మాత్రం ప్రతి స్టేజీకీ కొత్తగానే, ఎందుకంటే రేకుల షెడ్డులో మోగిన స్వరం ఖాళీ మైదానంలో మోగదు. సీన్‌తో పాటు ఒక నోటుబుక్కు కూడా ఉంది నా దగ్గర, పాడేవాళ్లకు తలా ఒక పేజీ. ఆ నెల్లూరు అమ్మాయితో ఆ తర్వాత చాలా కార్యక్రమాలు చేశాను. ఆమె పేజీలో ఇట్లా ఉంది: "శ్రుతి అయిదున్నర. కార్డియాయిడ్ మైకు, మానిటర్ ఎదురుగా, కింద ఇటుక. సొంత గొంతు ఎక్కువ, కీబోర్డ్ కొంచెం, ప్యాడ్ వద్దు. రివర్బ్ అడగదు. ఆక్స్ ప్రీ. రెండుసార్లు చూడు."